ఎలుక కాలు కదిలితే నరం అతికినట్టేనా?

ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెన్నుపాము గాయాల పరిశోధన గురించే. పీహెచ్‌డీలో చేరాలనుకుంటున్న వాళ్లు, ఇప్పటికే ల్యాబులో ఎలుకలతో కుస్తీ పడుతున్న వాళ్లు, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకుంటున్న వాళ్లు రాశారు. ఒకరి ప్రశ్నకు జవాబు ఇంకొకరికీ పనికొస్తుందని అన్నీ ఒకేచోట ఇస్తున్నాం.

ప్రశ్న: నల్లగొండలో ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతున్నాను. మా సిలబస్‌లో నాడీ వ్యవస్థ ఒక్క యూనిట్టే. వెన్నుపాము మీద పీహెచ్‌డీకి నాకు దారి ఉందా?

ఉంది. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ పేపరుతో మొదలుపెట్టండి. మొత్తం 200 మార్కులు, 3 గంటలు. అందులో సగం, అంటే 100 మార్కులు, పార్ట్-సీ వే. అక్కడ బట్టీ పనిచేయదు. ప్రయోగం ఇచ్చి, ఫలితం ఎలా వస్తుందో అడుగుతారు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. జీబిల్స్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష కూడా రాయండి. నాడీశాస్త్రం కోసం మనేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ, బెంగళూరు నిమ్‌హాన్స్ చూడండి. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది.

సంస్థ పేరు చూసి గైడును ఎంచుకోకండి. ఆ ల్యాబు నుంచి గత ఐదేళ్లలో వచ్చిన పేపర్లు తీసి, అందులో వెన్నుపాము గాయం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వెన్నుపాము మీద కొలిచిన దెబ్బ వేసే ఇంపాక్టర్ యంత్రం ఆ ల్యాబు సొంతమా, పక్క ల్యాబుదా? ఆపరేషన్ అయిన ఎలుకలను ఆదివారం ఎవరు చూస్తారు? ఈ రెండూ ఇంటర్వ్యూలోనే అడగొచ్చు. రెండో ప్రశ్నకు జవాబు తడబడితే ఆ ల్యాబు గురించి మరోసారి ఆలోచించండి.

ఈలోగా ఒక్క పాఠం గట్టిగా పట్టుకోండి. మనిషి వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయటికొస్తాయి: మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, త్రికంలో 5, తోక ఎముక దగ్గర 1. మెడలో పూసలు ఏడే, నాడుల జతలు మాత్రం ఎనిమిది. పైగా పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. అందుకే పూస అంకె, దాని లోపలున్న వెన్నుపాము ఖండం అంకె కిందికి పోయేకొద్దీ కలవవు. ఎలుకలోనూ అంతే. 'టీ9 (ఛాతీ 9) దగ్గర గాయం' అని రాసినప్పుడు అది ఎముకా, ఖండమా అన్నది చెప్పకపోతే ఆ పేపరును ఇంకెవరూ మళ్లీ చేసి చూడలేరు. కొత్తగా చేరినవాళ్లు ముందుగా దొర్లేది ఈ తప్పులోనే.

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. వచ్చే నెల నుంచి ఎలుకలలో గాయం చేయడం నేర్పిస్తామన్నారు. ఏమేం జరుగుతుంది, ఎక్కడ తప్పు పోతుంది? – దేవరకొండ

ముందు కాగితం పని. సంస్థలోని జంతు నైతిక సంఘానికి ఫారం-బీ పెట్టి అనుమతి రాకుండా ఒక్క ఎలుకను కూడా తాకకూడదు. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, నొప్పికి ఏం ఇస్తారు, ఏ స్థితి వస్తే ప్రయోగం ఆపి ప్రాణం తీస్తారు, ఇవన్నీ ముందే రాయాలి.

మామూలుగా 220 నుంచి 250 గ్రాముల ఆడ ఎలుకలను వాడతారు. ఆడవాటికి మూత్రనాళం పొట్టిగా ఉండటం వల్ల మూత్రాశయం ఖాళీ చేయడం తేలిక. మత్తుకు ఐసోఫ్లూరేన్ అయితే మొదట 4–5 శాతం, నిద్రపోయాక 2 శాతం దగ్గర నిలుపుతారు. పాదం గిల్లితే కాలు వెనక్కి లాక్కోకపోతేనే కోత పెట్టాలి. వీపు గొరిగి, బెటాడిన్, ఆల్కహాల్ మార్చి మార్చి మూడుసార్లు తుడిచి, కళ్లకు మందు రాసి, కింద 37 డిగ్రీల వేడిమెత్త వేస్తారు.

ఆ మెత్తను చిన్నచూపు చూడకండి. ఒళ్లు చల్లబడితే వెన్నుపాముకు గాయం తక్కువగా తగులుతుంది. ఉదయం చేసిన గుంపు వెచ్చగా, సాయంత్రం చేసిన గుంపు చల్లగా ఉంటే, మీ మందు పనిచేసినట్టు దొంగ ఫలితం వస్తుంది. అందుకే ప్రతి ఎలుకకూ ఉష్ణోగ్రత రాయాలి, గుంపులను కలిపి చీటీ తీసి ఆపరేషన్ వరుస వేయాలి.

నడిమధ్య గీత మీద 2–3 సెంటీమీటర్ల కోత. కండను పూస ముల్లు నుంచి రెండు వైపులా విడదీసి, ఛాతీ 9వ పూస వెనక కప్పును చిన్న రాంజర్‌తో కొద్దికొద్దిగా కొరికి తీయాలి. లోపల వెన్నుపాము మీద పలుచని డ్యూరా పొర మెరుస్తూ కనిపిస్తుంది, మధ్యలో ఎర్రటి రక్తనాళం గీతలా ఉంటుంది. ఆ గీతే మీకు నడిమధ్య గుర్తు. రాంజర్ మొనను ఎప్పుడూ పైకి ఎత్తి పట్టాలి, కిందికి ఆనిస్తే ఇంపాక్టర్ రాకముందే మీ చేతే గాయం చేసేస్తుంది.

తర్వాత పైపూసనూ కిందిపూసనూ క్లాంపులతో పట్టి బిగించి, కడ్డీ మొనను ఆ గీత మీద నిలిపి దెబ్బ వేస్తారు. పాతరకం యంత్రంలో 10 గ్రాముల కడ్డీని 6.25, 12.5, 25 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. 12.5 అంటే మధ్యస్థ గాయం, 25 అంటే తీవ్రం. ఇంకో రకం యంత్రం బలాన్ని కొలుస్తుంది, 200 కిలోడైన్లు మధ్యస్థ గాయానికి వాడుక. దెబ్బ పడగానే వెనక కాళ్లూ తోకా ఒక్కసారి ఝల్లుమంటాయి, కొన్ని సెకన్లలో అక్కడ నీలం, ఎరుపు కలిసిన కమిలిన మచ్చ పొంగుతుంది.

ఆ మచ్చను చూసి సంతృప్తి పడకుండా వెంటనే తెర మీది గ్రాఫు చూడండి. గీత నున్నగా ఒకే శిఖరంగా రావాలి. మధ్యలో విరుపు కనిపిస్తే కడ్డీ ఎముక అంచును తాకిందని అర్థం. క్లాంపు వదులైతే వెన్ను కిందికి జారి, దెబ్బ తక్కువ పడుతుంది. కడ్డీ ఒక పక్కకు ఒరిగితే ఒక కాలు బాగా, ఒక కాలు తక్కువగా దెబ్బతింటుంది. ఇలాంటివి అప్పుడే నోటుబుక్కులో రాసి ఎలుకను పక్కన పెట్టాలి. ఆరు వారాల తర్వాత ఫలితం నచ్చక పక్కన పెడితే అది మోసం.

ప్రశ్న: నా ఎలుకలు ఆపరేషన్ బాగానే తట్టుకుంటున్నాయి. నాలుగైదు రోజులకు చనిపోతున్నాయి. – వనపర్తి

మీరు మూత్రాశయం గురించి ఉత్తరంలో ఒక్క మాటా రాయలేదు. మా అనుమానం అక్కడే ఉంది.

గాయం తర్వాత ఎలుక తనంతట తాను మూత్రం పోయలేదు. మామూలుగా వారం, రెండు వారాల్లో ఆ స్పందన తిరిగొస్తుంది. అప్పటిదాకా రోజుకు రెండు మూడుసార్లు చేతితో ఒత్తి ఖాళీ చేయాలి. చుంచెలుకలైతే చాలావాటికి ఆ స్పందన పూర్తిగా రాదు, బతికినన్నాళ్లూ చేయాల్సిందే.

ఎలుకను మెత్తటి గుడ్డ మీద పెట్టి, బొటనవేలినీ చూపుడువేలినీ పొట్ట అడుగున, వెనక కాళ్లకు కాస్త ముందు, రెండు పక్కలా ఆనించండి. నిండిన మూత్రాశయం ద్రాక్షపండులా గుండ్రంగా, జారుడుగా తగులుతుంది. దాన్ని తోక వైపుకు, ఒకే బలంతో, ఆపకుండా మెల్లగా ఒత్తాలి. మొదట చుక్కలు, తర్వాత సన్నటి ధార. అది వేళ్ల మధ్య చప్పబడి మాయమయ్యేదాకా వదలొద్దు. గట్టిగా నొక్కితే పగిలిపోతుంది. సగంలో వదిలేస్తే మిగిలిన మూత్రంలో సూక్ష్మక్రిములు చేరి కిడ్నీలకు ఎక్కుతాయి. మొదటి రోజుల్లో ఎర్రగా రావడం ఉంటుంది. ఆ తర్వాత కూడా మబ్బుగా, చిక్కగా, వాసనతో వస్తే ఇన్ఫెక్షన్, వెంటనే పశువైద్యులకు చూపించి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

రోజూ తూకం వేయండి. ఆపరేషన్ ముందు బరువులో 20 శాతం పోయిందంటే సాధారణంగా ప్రయోగం ఆపాల్సిన హద్దు. వీపు చర్మం చిటికెలో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీళ్లు లేవు, గోరువెచ్చని సెలైన్ 5 మిల్లీలీటర్లు చర్మం కింద ఇవ్వండి. వెనక కాళ్లు ఈడ్చే ఎలుక పైనున్న తిండి అందుకోలేదు, కాబట్టి మేత కిందే పెట్టి, నీళ్ల సీసాకు పొడవాటి గొట్టం పెట్టాలి. కాలివేళ్లూ చూడండి. స్పర్శ లేని వేళ్లను కొరుక్కునేవి ఉంటాయి.

బతుకమ్మ పండుగైనా, సంక్రాంతైనా ఈ పనికి సెలవు లేదు. ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని గోడకు కాగితం అంటించండి. పూట, సమయం, రంగు, ఎంత వచ్చింది, ఎవరు చేశారు అన్నవి అందులో ఉండాలి.

ప్రశ్న: గాయపడ్డ ఎలుకలు మళ్లీ నడిచాయని ఎన్నో ఏళ్లుగా వార్తల్లో చదువుతున్నాం. మనుషులు ఎందుకు నడవడం లేదు? – అచ్చంపేట, జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు

ఈ పరిశోధనకు గుండెకాయ లాంటి ప్రశ్న ఇదే.

మొదటి సంగతి, ఏ మందూ ఇవ్వకపోయినా ఎలుక చాలావరకు కోలుకుంటుంది. నడకను బీబీబీ అనే కొలతతో 0 నుంచి 21 దాకా వేస్తారు. 1995లో బస్సో, బీటీ, బ్రెస్నహన్ రూపొందించారు. వెనక కాలు అసలు కదలకపోతే 0, మామూలు నడక 21. మధ్యస్థ దెబ్బ తిన్న ఎలుకలు మందు లేకుండానే కొన్ని వారాల్లో 10–12 దగ్గరికి చేరుకుంటాయి, అంటే తమ బరువు మోస్తూ అడుగులు వేస్తాయి. కాబట్టి ఎలుక నడిచిందన్న మాటతో ఏమీ తేలదు. మందు ఇవ్వని ఎలుక కన్నా ఎంత మేలుగా నడిచింది అన్నదే లెక్క.

రెండోది, కమిలిన గాయంలో అంచున కొన్ని ఆక్సాన్లు, అంటే నాడీకణాల పొడవాటి తంతువులు, తెగకుండా మిగులుతాయి. ఆ తంతువుల కట్టలుండే తెల్లపదార్థం పదో వంతు మిగిలినా ఎలుక అడుగులు వేయగలదు. నడక లయను నడిపించే నాడీ వలయాలు నడుము భాగంలోనే ఉంటాయి, వాటికి పైనుంచి చిన్న సంకేతం అందినా చాలు. మనిషి నడక మెదడు నుంచి నేరుగా దిగే దారుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ దారి ఎలుకలో వెన్నుపాము వెనక భాగంలో ఉంటే, మనిషిలో పక్క భాగంలో ఉంటుంది. ఎలుకలో పెరగాల్సిన దూరం రెండు మూడు సెంటీమీటర్లు, మనిషిలో దానికి ఎన్నో రెట్లు. ఎలుకకు దెబ్బ తగిలిన కాసేపటికే మందు ఎక్కిస్తారు. మనిషి ఆసుపత్రికి చేరేసరికే గంటలు గడిచిపోతాయి.

మూడోది, పెరగనివ్వని నేల. మెదడు, వెన్నుపాము ఆక్సాన్లు తెగితే మళ్లీ పెరగవని పాతకాలపు నాడీశాస్త్రవేత్త కహాల్ కాలం నుంచీ అనుకునేవారు. 1981లో డేవిడ్, అగ్వాయో ఎలుక కాలి నాడి ముక్కను వంతెనలా అతికిస్తే అవే ఆక్సాన్లు అందులోకి పెరిగాయి. అంటే లోపమంతా కణానిదే కాదు, చుట్టూ ఉన్న పరిసరానిది కూడా. ఆక్సాన్లను చుట్టి ఉండే మైలిన్‌ పొరలోని నోగో వంటి పదార్థాలు, మచ్చ కట్టిన ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల చుట్టూ పేరుకున్న చక్కెర గొలుసుల ప్రొటీన్లు అడ్డుపడతాయి. ఆ గొలుసులను కత్తిరించే కాండ్రాయిటినేజ్ అనే ఎంజైముతో ఎలుకలు మెరుగయ్యాయని 2002లో వచ్చింది.

మరి నిజంగా పెరిగిందా, లేక మిగిలినదే పనిచేస్తోందా? తేల్చే పరీక్షలు ఉన్నాయి. మెదడులో రంగు పదార్థం ఎక్కించి గాయం దాటిన తంతువులను వెతకడం ఒకటి. కానీ గాయం చేసిన వెంటనే చంపిన ఎలుకలో కూడా అక్కడ తంతువులు కనిపిస్తే అవి పెరిగినవి కావు, తెగనివి. 2003లో స్టీవర్డ్ బృందం ఈ పొరపాటును గుర్తించే గుర్తులను పేపరుగా రాసింది, కొత్త విద్యార్థి చేత మొదట చదివించాల్సింది అదే. ఇంకో పరీక్ష: బాగైన ఎలుకకు గాయానికి పైన మళ్లీ కోయడం. నడక పోకపోతే ఆ నడకకు పైనుంచి వచ్చిన తంతువులు కారణం కాదు, కింది వలయాలే. అంత కష్టపడి నడిపించిన ఎలుకకు మళ్లీ కోత పెట్టాలంటే చేయి రాదు, కానీ వదిలేయకూడని మెట్టు ఇది.

వార్తల్లో వచ్చిన ఎలక్ట్రోడుల సంగతి వేరు. 2018లో స్విట్జర్లాండ్‌లో కూర్టిన్, బ్లాక్ బృందం నడుము వెన్నుపాము మీద విద్యుత్ ప్రేరణ ఇచ్చి కొందరిని నడిపించారు, 2023లో మెదడు సంకేతాన్ని దానికి జోడించారు. అక్కడ నరాన్ని అతికించడం లేదు. మిగిలి ఉన్నదాన్ని మేలుకొలుపుతున్నారు. అది కూడా పెద్ద విజయమే, కాకపోతే దాన్ని ఉన్న పేరుతో పిలవాలి.

ప్రశ్న: మా బాపు తాళ్లెక్కుతడు. పోయిన ఎండకాలం మోకు జారి కిందపడ్డడు. నడుము కింద స్పర్శ లేదు. మూలకణాలు ఎక్కిస్తే నడుస్తడని ఒకకాడ లక్షలు అడుగుతున్నరు. భూమి అమ్మాల్నా? – మోత్కూరు

అమ్మొద్దు తమ్ముడూ.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి మూలకణ చికిత్స అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదు. ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. వాళ్లను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడుగు. నంబరు చెప్పకుండా రేటు చెబితే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. నష్టం డబ్బుతోనే ఆగదు. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగిందని 2014లో వైద్య పత్రిక ప్రచురించింది.

గాయం ఎంత తీవ్రమో చెప్పే గ్రేడు డాక్టరును అడుగు, ఏ నుంచి ఈ దాకా ఉంటుంది. మలద్వారం చుట్టూ స్పర్శ ఉందా, అక్కడ బిగపట్టగలడా అన్నదే పూర్తి గాయమో కాదో చెబుతుంది. ఇంట్లో: మంచంలో ప్రతి రెండు గంటలకూ పక్క మార్చాలి. పిర్రలు, మడమలు, తుంటి దగ్గర చర్మం ఎర్రబడి నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ పక్క బరువు అస్సలు పడొద్దు. మూత్రానికి శుభ్రమైన గొట్టం 4–6 గంటలకోసారి, ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా. గాయం ఛాతీ 6వ ఖండం దగ్గర గానీ, దానికి పైన గానీ ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే లేపి కూర్చోబెట్టి, ముందు గొట్టం మడతపడిందేమో చూడాలి. బీపీ ప్రాణం మీదికి తెస్తుంది, తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే చేయూత పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

తాటిచెట్టు ఎక్కే మిగతావాళ్లకు: పడ్డ మనిషిని చేతులు, కాళ్లు పట్టి లేపొద్దు, బండి మీద కూర్చోబెట్టొద్దు. ముందు 108కు ఫోన్ చేయండి. కదిలించక తప్పకపోతే తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా నలుగురు కలిసి ఒకేసారి దొర్లించి, గట్టి చెక్క మీదికి చేర్చండి. 2024 నుంచి గీత కార్మికులకు ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్షణ కవచం కిట్టు ఇంట్లో మూలన పెట్టకుండా కట్టుకోండి.

ప్రశ్న: మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ వల్ల నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. దాన్ని పీహెచ్‌డీ అంశంగా తీసుకోవచ్చా?

తప్పకుండా. ఇది దెబ్బ తగిలిన గాయం కాదు, ఏళ్ల తరబడి మెల్లగా నొక్కడం. ఫ్లోరైడ్ వల్ల వెన్ను లోపలి లిగమెంట్లు ఎముకలా గట్టిపడి కాలువ ఇరుకవుతుంది. కాళ్లు బిగుసుకోవడం, తడబడటం, తర్వాత మూత్రం మీద పట్టు పోవడం. హైదరాబాద్ నాడీ శస్త్రవైద్యులు డాక్టర్ డి. రాజారెడ్డి దీని గురించి విస్తారంగా రాశారు, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

కడ్డీ దెబ్బ నమూనా దీనికి పనికిరాదు. పూస కింద నీరు పీల్చి ఉబ్బే పలుచని పాలిమర్ రేకు పెట్టి మెల్లగా ఒత్తిడి పెంచే ఎలుక నమూనా దగ్గరగా ఉంటుంది. మనుషుల మీద చేస్తే న్యూరాలజిస్టు, రేడియాలజిస్టు తోడు లేకుండా దిగొద్దు. నీటి నమూనాలను ప్లాస్టిక్ సీసాల్లోనే తేవాలి, గాజు ఫ్లోరైడ్‌తో చర్య జరుపుతుంది. కొలతకు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు, నమూనాకు సమానంగా టిసాబ్ బఫరు. బఫరు లేకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకుని అంకె తక్కువ చూపిస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి హద్దు దాటినట్టు. ఒక చిక్కు: ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఈ రోజు నీటి అంకెకూ ముప్పై ఏళ్ల కిందట తాగిన నీటికీ పొంతన ఉండదు. ఎవరు ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారో ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకోవడమే మీ పనిలో విలువైన భాగం అవుతుంది.

ప్రశ్న: మూగజీవాలను కుంటివి చేయడం పాపం కాదా? – గద్వాల

బాధ అనిపించకపోతేనే భయపడాలి. నడకను, మూత్రాశయాన్ని, నొప్పిని కలిపి చూపించే గాజుగిన్నె కణాలు ఇంకా లేవు కాబట్టే ఈ పని జరుగుతోంది. నొప్పి మందు మానకపోవడం, తక్కువ ఎలుకలతో సరైన జవాబు రాబట్టడం, హద్దు దాటిన ఎలుకను బాధపెట్టకుండా సాగనంపడం విద్యార్థి చేతిలో ఉన్నాయి. సరిగా రాయని ప్రయోగంలో పోయిన ఎలుక ప్రాణం పూర్తిగా వృథా.

ప్రశ్న: ఒక్కో గుంపులో పది ఎలుకలు పెట్టాను. మూడు మిగతావాటితో కలవడం లేదు. తీసేస్తే ఫలితం చక్కగా వస్తోంది. – కల్వకుర్తి

ఏ కారణంతో తీస్తారన్నది ప్రయోగానికి ముందే రాసి ఉంటే తీయొచ్చు. ఇంపాక్టర్ గ్రాఫు విరిగింది, లేదా మర్నాడే బీబీబీ మీరు ముందుగా రాసుకున్న అంకె కన్నా ఎక్కువ వచ్చింది, అంటే గాయం సరిగా తగల్లేదు. ఇలాంటివి సరే. ఫలితం చూశాక పుట్టిన కారణం చెల్లదు.

తీసే ముందు నడక కొలత మీద అనుమానపడండి. సుమారు 90 సెంటీమీటర్ల గుండ్రటి మైదానంలో నాలుగు నిమిషాలు, ఇద్దరు చూడాలి. ఏ ఎలుకకు మందు ఇచ్చారో ఆ ఇద్దరికీ తెలియకూడదు. పరీక్షకు ముందు మూత్రాశయం ఖాళీ చేశారా? నిండి ఉంటే కాళ్ల కదలిక మారిపోతుంది. కోడు నంబర్లు పంజరం మీదే రాసి, మందు చీటీ పక్కనే అంటిస్తే బ్లైండింగ్ పేరుకే.

తర్వాత కోతలు చూడండి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, 30 శాతం చక్కెర ద్రావణంలో ముక్క అడుక్కు మునిగేదాకా ఉంచి, క్రయోస్టాట్‌లో 20 మైక్రాన్ల మందంతో కోసి ఉంటారు. మునగకముందే కోస్తే మంచు స్ఫటికాలతో జల్లెడలా చిల్లులు పడతాయి, వాటినే గాయం తాలూకు కుహరాలుగా లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు. ఆ మూడు ఎలుకలలో మిగిలిన తెల్లపదార్థం ఎంతో కొలవండి. మిగతావాటి కన్నా ఎక్కువుంటే మీ దెబ్బ సమానంగా పడలేదు, తప్పు ఇంపాక్టర్ బల్ల దగ్గర ఉంది. సమానంగానే ఉంటే ఆ మూడూ నిజమే చెబుతున్నాయి. పదింటినీ ఉంచి రాయండి, ఒక్కో ఎలుకకు ఒక్కో చుక్క కనిపించేలా గ్రాఫు వేయండి. ఒక ఎలుక నుంచి ముప్పై కోతలు తీస్తే లెక్కలో ముప్పై కాదు, ఒకటే.